తెడ్డు మీద శోకం

ఆ ఏడాది వేట నిషేధం మొదలైన వారంలోనే మా ఊరి చర్చి దగ్గరకి ఇసుక లారీలు, ఇనుప రాడ్లు, టైల్సు పెట్టెలు వచ్చాయి.

బోట్లన్నీ ఒడ్డు మీదకి లాగి తాటాకులు కప్పేసి ఉన్నాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం, సంద్రంలోకి దిగకూడదని గవర్నమెంటు రూలు. మగవాళ్లు సరుగుడు తోటలో కూర్చుని వలలు బాగుచేసుకుంటూ, పేకాడుకుంటూ, పెళ్లాల చేత తిట్లు తినే కాలం కూడా అదే. అలాంటప్పుడు కూలిపని ఊళ్లోకి నడిచివస్తే ఎవడు కాదంటాడు? మా అబ్బాయి యువరాజు మొదటి రోజే పార భుజాన వేసుకుని వెళ్లాడు.

చర్చి అంటున్నాను గాని మేమెప్పుడూ దొరగుడి అనే అంటాం. ఎవరో తెల్లదొర కట్టించాడట. మా తాత పుట్టకముందు మాట. ప్రార్థనకి వచ్చే కుటుంబాలు ఒక్కొక్కటీ టెక్కలి వైపు వెళ్లిపోయాయి. ఒక తుఫానుకి పెంకులు పోయాయి. తిత్లీ తుఫానుకి దూలాలు కూడా పోయాయి. మిగిలినవి నాలుగు లావుపాటి గోడలు, గంట లేని గంట గూడు.

మేము గంగమ్మకి మొక్కేవాళ్లం. అయినా ఆ గోడల మధ్య మాకు పని ఉండేది. సంద్రంలో పోయినవాణ్ణి ఊళ్లోకి తేకూడదు. అది మా కట్టు. ఇంటి ముందు దించకూడదు, వీధిలోంచి మొయ్యకూడదు. అలాగని ఎండలో ఇసుక మీద వదిలెయ్యలేం. అందుకని దొరగుడిలో దించేవాళ్లం. లోపల నేలంతా నల్లరాతి పలకలు, చల్లగా ఉంటుంది. వెనక నుయ్యి ఉంది. ఆ నూతిగట్టు మీద కడిగేవాళ్లం. పోలీసులొచ్చేవరకు, చుట్టాలొచ్చేవరకు ఆడవాళ్లు శవం చుట్టూ కూర్చుని ఏడ్చేవాళ్లు. ఏడాదికొకసారి పాస్టరు గారు వచ్చి గోడ పక్కనున్న దొర సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించేవాడు. ఒకసారి లోపల మా శవం ఉండగా వచ్చాడు. చెప్పులు విప్పి, తల దించుకుని, తన ప్రార్థన తాను చేసుకుని పోయాడు.

ఏడుపు అంటే మా ఊళ్లో సూరమ్మే. నా భార్య. ఎవరింట్లో పోయినా ముందు ఆమెకే కబురు. దిక్కులేనివాడు పోయినా సూరమ్మ ఏడిస్తే వాడికి నలుగురు అక్కచెల్లెళ్లు ఉన్నట్టుండేది. ఆ ఏడుపులో రెండు వరసలు. మొదటిది పోయినవాడి మంచి. రెండోది తిట్లు. వాడి తాగుడు, వాడి మొండితనం, చెల్లెలికి పెడతానని పెట్టని చీర, అన్నీ బయటకి లాగి శవం మొహాన తిట్టాలి. మంచి మాటలు ఎవరికైనా సరిపోతాయి. తిట్లు విన్నప్పుడే పోయినవాడికి ఇది తన ఏడుపేనని తెలుస్తుంది, అప్పుడు కదులుతాడు. తిట్టకపోతే ఒడ్డునే తిరుగుతుంటాడు. ఏడుపయ్యాక ఆడవాళ్లు ఎవరితోనూ మాట్లాడకుండా సంద్రంలో మునిగి తడిబట్టతో ఇంటికి రావాలి.

శవం దొరకకపోతే వాడి తెడ్డు పెట్టి దాని మీద ఏడుస్తారు. తరవాత ఆ తెడ్డుని విరిచి సంద్రానికి ఇచ్చేస్తారు. ఏడ్చిన తెడ్డు మళ్లీ ఇంటికి రాకూడదు.

నాకు కిడ్నీ జబ్బు. ఉద్దానంలో అదేం వింత కాదు. పలాస ఆసుపత్రికి పోవడం, సూది గుచ్చించుకోవడం, మాత్రలు తెచ్చుకోవడం. ఎప్పుడో ఒకప్పుడు పోతాను. దానికి నేను దిగులుపడింది లేదు. సూరమ్మ ఉంది గదా, ఏడ్చి పంపిస్తుంది అనుకునేవాణ్ణి. తిట్టడానికి నా దగ్గర సరుకు కూడా బాగానే ఉంది.

ఒక మధ్యాహ్నం యువరాజు ఒంటినిండా సిమెంటుతో అన్నానికి వచ్చాడు.

"నూతిగట్టు తవ్వీసినారయ్యా," అన్నాడు.

"ఎందుకు?"

"బాతురూములు కడతారట. ఆడోళ్లకి ఏరే, మగోళ్లకి ఏరే. ఏసీ కూడా ఎడతారట."

కోడలు మంగ పడీపడీ నవ్వింది. "బాతురూములో ఏసీ యేటి? అందులోనే తొంగుంటారేటి?"

నాకు నవ్వు రాలేదు. ఆ గట్టు మీద మా తమ్ముణ్ణి కడిగాం. వాడి చెవుల్లోంచి ఇసుక ఎంత కడిగినా వస్తూనే ఉంది. ఇప్పుడు అక్కడ పట్నంవాళ్లు గుడ్డలెత్తి కూర్చుంటారు. ముద్ద కంచంలోనే వదిలేశాను. లేచి చెయ్యి కడుక్కున్నాను.

"అయ్యకి కోపమొచ్చినాది," అన్నాడు యువరాజు. "పైకి సెప్పడు గదా. మన అయ్య నోరు ఎప్పుడో సంద్రంలో జారిపోనాది."

పని చేయిస్తున్నది ఝాన్సీలక్ష్మి అనే ఆమె. మందస దగ్గర జీడితోటలున్న సూర్యారావు గారి కూతురు. హైదరాబాదులో నాటకాల చదువేదో చదివి వచ్చిందట. చర్చిని ఎవరమ్మారో, సూర్యారావు గారు ఎలా కొన్నారో మాకు తెలియదు. మాకు చెప్పాల్సిన పని వాళ్లకీ లేదు. అక్కడ పాటలు, ఆటలు, నాటకాలు పెడతారట. పట్నాల నించి జనం వస్తారట. కప్పు పడకముందే 'కెరటం కళావేదిక' అని బోర్డు వచ్చేసింది.

అక్కడ మేము శవాలు దించేవాళ్లమని యువరాజే ఆమెకి చెప్పాడు. భయపడుతుందని చెప్పాడో, గొప్పకి చెప్పాడో నాకు తెలియదు. ఆమె భయపడలేదు. మర్నాడే కారేసుకుని మా ఇంటికి వచ్చింది. మంచం వాల్చితే వద్దని, మా వాకిట్లో మట్టిలో కూర్చుంది. మంచం ఉండగా మట్టిలో కూర్చునే మనిషిని నేను నమ్మను.

"సూరమ్మ గారూ," అంది.

సూరమ్మ వెనక్కి తిరిగి చూసింది. "గారేటమ్మా? నా యెనకాల ఎవులైనా నిలబడ్డారేటి?"

ఆమె నవ్వింది. "మీ శోకాల గురించి యువరాజు చెప్పాడు. అది మామూలు ఏడుపు కాదమ్మా, గొప్ప కళ. రేపు ఓపెనింగ్ రోజున మన స్టేజి మీద మీరు వినిపించాలి."

"శవం నేకుండా ఏడిత్తే శవాన్ని పిలిసినట్టమ్మా. తప్పు."

"ఊరికే రెండు ముక్కలు. నాకు వినాలని ఉంది."

"తప్పమ్మా. నీకూ తప్పే, నాకూ తప్పే."

ఆమె బలవంతం చెయ్యలేదు. చేసి ఉంటే సూరమ్మ చీపురు తీసేది. ఆమె సూరమ్మ చెయ్యి పట్టుకుని, ఇంతకాలం ఎవరెవరికి ఏడ్చావమ్మా అని అడిగింది. ఆ మాట అంతవరకు ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు. సూరమ్మ చెప్పడం మొదలెట్టింది. పలానావాడి కూతురు, పలానా బోటు, పలానా తుఫాను. చెబుతూ చెబుతూ గొంతు దానంతటదే రాగంలోకి పోయింది. నాలిక కరుచుకుని ఆపేసింది. అప్పటికే ఝాన్సీలక్ష్మి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. దొంగ ఏడుపు కాదు, నిజమైన నీళ్లే. మా చచ్చినవాళ్ల కోసం జీడితోటల ఆసామి కూతురు మా వాకిట్లో ఏడుస్తుంటే నేను అటు తిరిగి కూర్చున్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది, ముక్కు చీదింది, ఫోనులో టైము చూసుకుని లేచింది.

కారు వెళ్లాక సూరమ్మ చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది.

"ఎల్తావేటి?" అన్నాను.

"నా బతుకంతా సచ్చినోళ్లకే ఇనిపించినాను మావా. వొక్కడైనా లేచి బాగుందన్నాడా? వొక్కసారి బతికినోళ్లకి ఇనిపిత్తే తప్పేటి?"

నేను మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే అనుకోవడం ఆమెకి పెళ్లయిన నాటి నించి అలవాటు.

తరవాత ఆమె రోజూ ఆ చర్చికి పోయేది. దాన్ని రిహార్సల్ అంటారట. ఒక రోజు మంగకి ఒళ్లు బాగోకపోతే సూరమ్మకి అన్నం క్యారేజీ నేను పట్టుకెళ్లాను. లోపలికి వెళితే నాకు తెలిసిన చోటు కాదది. పైన అద్దాల కప్పు. గోడలకి సున్నం గీకేసి లోపలి ఇటుకలు కనబడేలా వదిలేశారు, అది అందమట. నల్లరాతి పలకలకి మిషను పెట్టి మెరుపు తెప్పించారు. శవాల తల పెట్టే పలక మీద ఒక కాఫీ మిషను కూర్చుంది. దాని ముక్కులోంచి బుస్సుమని పొగ వస్తోంది. కాఫీ వాసన నాకు ఇష్టమే. ఆ రోజు నించి పడదు.

సూరమ్మ మధ్యలో కూర్చుని ఉంది. ఎదురుగా ఝాన్సీలక్ష్మి.

"ఈ తిట్లున్నాయే అమ్మా, అవి వద్దు. పెద్దవాళ్లొస్తారు, పిల్లలుంటారు."

"తిట్లు తీసీత్తే ఏడుపేటమ్మా? ఉప్పు నేని కూర."

"మొదటి భాగం చాలు. అదే అందంగా ఉంది. చివర్లో గొంతు పైకి తీసుకెళ్లి ఒక్కసారి ఆపెయ్యండి. చప్పట్లు పడతాయి. అప్పుడు నెమ్మదిగా తలెత్తి నమస్కారం పెట్టండి. ఏదీ, ఒకసారి చూద్దాం."

సూరమ్మ ఆపింది. తలెత్తింది. నమస్కారం పెట్టింది.

"ఇంకొంచెం నెమ్మదిగా."

మళ్లీ తలెత్తింది. మళ్లీ పెట్టింది. "ఇలాగేనేటమ్మా?" అంది. మళ్లీ పెట్టింది. అప్పుడు నన్ను చూసి, చిన్నపిల్లలా సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. క్యారేజీ అక్కడ పెట్టి వచ్చేశాను.

ఓపెనింగు సాయంత్రం సరుగుడు తోట నిండా కార్లు. బయట మా చేపలేనని చెప్పి వేయించి కాగితం పళ్లాల్లో అమ్ముతున్నారు. నిషేధం కాలం కదా, ఎక్కడో ఐసులో మగ్గినవి తెచ్చి వేయించారు. కుళ్లు వాసన మసాలాకి లొంగలేదు. పట్నంవాళ్లు ఫ్రెష్ ఫ్రెష్ అని తింటున్నారు. మా ఊరివాళ్లకి వెనక వరస కుర్చీలు. సూర్యారావు గారు మైకులో మాట్లాడారు. పాడుబడిన చోటికి ప్రాణం పోశామన్నారు. నేను అటూ ఇటూ చూశాను. పాడుబడిందని మాకెవరికీ తెలియదు.

లైట్లు ఆరిపోయాయి. నీలం లైటు ఒకటి నేల మీద పడింది. అక్కడ తెల్లగుడ్డ పరిచి ఉంది. గుడ్డ మీద ఒక తెడ్డు.

మెడ దగ్గర రాగితీగ చుట్టిన తెడ్డు. పిడి పక్కన నా బొటనవేలు అరగదీసిన గుంట. అది మా ఇంటి చూరు కింద ఉండాలి. ఆ పొద్దున కూడా ఉంది.

యువరాజు నా పక్కనే కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

"ఒరే," అన్నాను.

"అమ్మే తెమ్మన్నాది. ఉత్త నేల మీద ఏడవనని పట్టు పట్టినాది. ఊరంతా ఇంజిన్లే గదయ్యా, తెడ్డు ఇంకెవులింట్లో ఉన్నాది?"

సూరమ్మ వచ్చి తెడ్డు పక్కన కూర్చుంది. జుట్టు విప్పుకుంది. మొదలెట్టింది.

"తెడ్డొచ్చినాది మావా, నువ్వు రానేదు. వలొచ్చినాది మావా, నువ్వు రానేదు. సేతులకి ఉప్పు కడుక్కోమని సెప్పినాను, ఉప్పే నిన్ను కడిగీసినాదా మావా..."

మావా అని ఆమె పిలిచేది ఈ లోకంలో నన్నొక్కణ్ణే. నేను వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నా చావు విన్నాను. ముందు వరసంతా ఫోన్లు పైకెత్తి ఉన్నాయి. నా పక్క వరసలో ఒకామె ఏడుస్తోంది, నోట్లో ముక్క నములుతూనే ఏడుస్తోంది. బాగా ఏడ్చింది సూరమ్మ. అది ఒప్పుకోవాలి. అంత బాగా ఎప్పుడూ ఏడవలేదు. గొంతు పైపైకి పోయి, ఒక్కసారి తెగింది.

చప్పట్లు.

మొదట ఉలిక్కిపడింది. తరవాత తలెత్తింది. నమస్కారం పెట్టింది. జనం లేచి నిలబడి కొట్టారు. ఆమె మొహంలో ఒక వెలుగు వచ్చింది. కూతురు పుట్టినప్పుడు, ఆ పిల్ల బతికున్న నాలుగు నెలలూ, ఆ వెలుగు చూశాను. మళ్లీ ఇప్పుడు.

ఇంటికి కారులో దింపారు. భుజం మీద శాలువా, చేతిలో బిర్యానీ పొట్లం. ఒంటి మీద చీర పొడిగా ఉంది.

"మునగలేదేటి?" అన్నాను.

"స్టేజీ గదా మావా. దానికి మైలేటి?"

అలాగే లోపలికి పోయి అన్నం కుండ మూత తీసింది.

"తెడ్డేదీ?"

ఆమె చెయ్యి కుండ మీదే ఆగింది. "గోడకి పెట్టుకుంతారట. ఎలాగూ ఇంటికి తేకూడదు గదా. ఏడిసిన తెడ్డు."

ఒంటి మైలకేమో స్టేజీ అంది. తెడ్డుకేమో కట్టు అంది. ఆ పూట ఆ కుండలో అన్నం నేను తినలేదు. తినలేదని ఆమె చూసింది, కుండ మీద మూత పెట్టేసింది.

నిషేధం అయ్యేలోపే యువరాజుకి అక్కడ వాచ్‌మన్ పని ఇచ్చారు. నీలం యూనిఫారం, మెడలో విజిలు, చేతిలో తాళాల గుత్తి. "ఇంక సంద్రం పని నేదయ్యా, పేనానికి హాయి," అన్నాడు. మా బోటులో వాడి చోటుకి ఎదురింటి మహాలక్ష్మమ్మ కొడుకు కామేశ్ చేరాడు. ఒక్కడే కొడుకు. పడవలో కూడా ఫోను ప్లాస్టిక్ కవర్లో కట్టుకుని వెళ్లే రకం.

ఒకరోజు నా తెడ్డు చూడటానికి వెళ్లాను. గోడ మీద ఉంది, పైన చిన్న లైటు. వార్నిష్ కొట్టారు. రాగితీగని కూడా మెరిసేలా తోమారు. కింద చిన్న బోర్డు. నేను మూడో తరగతి దాకా చదివాను, కూడబలుక్కుంటే వస్తుంది. సముద్రంలో అసువులు బాసిన మత్స్యకారుని తెడ్డు.

"అసువులు బాసిన అంటే ఏట్రా?" అని యువరాజుని అడిగాను.

వాడు విజిలు నోట్లో పెట్టుకున్నాడు, తీశాడు. "సచ్చిపోనాడని అయ్యా," అన్నాడు.

నిషేధం ఎత్తేశారు. గంగమ్మకి కొబ్బరికాయలు కొట్టి బోట్లు దించారు. అప్పటికే వానగాలి తిరిగింది, కెరటం పెద్దదిగా ఉంది. ఒడ్డుకి వచ్చేటప్పుడు మా బోటు అడ్డం తిరిగి బోల్తా పడింది. తక్కినవాళ్లు ఈదుకుంటూ వచ్చారు. కామేశ్ రాలేదు. మర్నాడు పొద్దున్నే సంద్రం ఇచ్చేసింది.

నలుగురు ఎత్తుకున్నారు. ఎవరూ ఏమీ అనుకోలేదు, కాళ్లు వాటంతటవే దొరగుడి వైపు పోయాయి. గేటు వేసి ఉంది. లోపల ఎవరిదో పెళ్లి ఫోటోలు. పెళ్లి ఇంకా కాలేదట, ముందే తీసుకుంటారట. పెళ్లికూతురు పొడుగు గౌను వేసుకుని గంట గూడు కింద నిలబడింది. ఒకడు ఆ గౌను అంచు ఎగరేసి పరుగెత్తి పక్కకి పోతున్నాడు, ఇంకొకడు ఫోటో తీస్తున్నాడు.

యువరాజు గేటుకి అవతల ఉన్నాడు. కామేశ్‌ని చూశాడు.

"తియ్యరా," అన్నారు ఎవరో.

"మేడంకి ఫోన్ సేత్తన్నాను. ఎత్తట్లేదు. పర్మిషన్ నేకుండా..." మళ్లీ నంబరు నొక్కాడు.

"నీ చోటులో పోనాడ్రా ఈడు," అంది మహాలక్ష్మమ్మ. అరవలేదు. మామూలుగానే అంది.

వాడు తాళాల గుత్తి వైపు చూసుకున్నాడు. తాళం తియ్యలేదు.

ప్రహరీ గోడ పక్కన ఇసుక మీద దించారు. నలుగురు ఒక చీర నాలుగు కొసలూ పట్టుకుని నీడ చేశారు. కడగడానికి నీళ్లు కావాలి. నుయ్యి లేదు. యువరాజే బక్కెట్లతో లోపలి నించి తెచ్చి గేటు సందులోంచి అందించాడు. బాతురూము కుళాయి నీళ్లు. ఏదో పూల వాసన వేస్తున్నాయి. ఆ నీళ్లతో కామేశ్‌ని కడిగాం.

సూరమ్మ వచ్చింది. ఊరంతా పక్కకి జరిగి దారిచ్చింది. తల దగ్గర కూర్చుని జుట్టు విప్పుకుని మొదలెట్టింది. మంచి మాటలన్నీ వచ్చాయి, వరసగా, నున్నగా. ఒక్క చోట తడబడలేదు. వాడి నవ్వు, వాడి ఈత, తల్లికి తెచ్చిన మొదటి చేప. గొంతు పైపైకి పోయింది. ఒక్కసారి తెగింది.

తల నెమ్మదిగా ఎత్తింది. రెండు చేతులూ ఒళ్లోంచి లేచాయి. లేచి, దగ్గరకొచ్చి, గుండె ముందు గాలిలో ఆగిపోయాయి.

ఎవరూ కదల్లేదు. ఆమె తన చేతుల వైపు చూసుకుంది. ఎవరివో చేతుల్ని చూసినట్టు చూసింది. తరవాత నన్ను చూసింది.

"అయిపోనాదేటే?" అంది మహాలక్ష్మమ్మ. "మా వోడిని తిట్టవేటే సూరమ్మా? వోడికి తెలొద్దా?"

సూరమ్మ నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. ఏమీ రాలేదు.

ఆ రోజు ఆమె సంద్రంలో చాలాసేపు మునిగింది. మంగ వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వచ్చి తడిబట్టతోనే గోడకి ఆనుకుని కూర్చుంది. ఎదురింట్లో మహాలక్ష్మమ్మ గుమ్మంలో కూర్చుని ఒడ్డు వైపే చూస్తుండేది. ఎవరు పలకరించినా ఒకటే మాట, "ఇంకా ఎల్లనేదు వోడు. అక్కడే తిరుగుతన్నాడు."

ఆ మాట మూడు పూటలూ విన్నాను. తరవాత లేచి దొరగుడికి వెళ్లాను.

యువరాజు గేటు దగ్గర ఉన్నాడు. నన్ను చూశాడు. తాళం తీశాడు.

లోపల కుర్చీల్లో జనం కాఫీలు తాగుతున్నారు. కుర్చీ ఒకటి లాక్కుని, ఎక్కి, తెడ్డుని మేకు మీద నించి తీశాను. ఝాన్సీలక్ష్మి గబగబా వచ్చింది.

"రామూర్తి గారూ, జాగ్రత్త, పడిపోతారు. అది డిస్‌ప్లే కోసం పెట్టింది..."

"నాది," అన్నాను.

పాపం, ఆమె బోర్డు వైపు చూసింది. నా వైపు చూసింది. ఆమెకేదో అర్థమైనట్టుంది, మొహం ఎర్రబడింది. "ఆ రోజు ఫోన్ సైలెంట్‌లో ఉండిపోయిందండీ," అంది. కళ్లలో నీళ్లు వచ్చేలా ఉన్నాయి. అవి చూడలేక బయటకి వచ్చేశాను.

తెడ్డు భుజాన పెట్టుకుని పట్టపగలు వీధిలోంచి నడిచాను. ఆడవాళ్లు నన్ను చూసి గుమ్మాల్లోంచి లోపలికి తప్పుకున్నారు. మా వాకిట్లో గడపకి అడ్డంగా పడేశాను.

సూరమ్మ ఒక్క ఉదుటున లేచింది. "ఏటి మావా ఇది! తేకూడదు! ఏడిసిన తెడ్డది!"

"సగవే ఏడిసినావు," అన్నాను. "మిగతా సగం ఏడు."

"శవం నేకుండా..."

"నానున్నాను గదా."

తెడ్డు పక్కనే నేల మీద కూర్చున్నాను. ఎండ నెత్తిన పడుతోంది. ఆమె నా కాళ్ల వైపు చూసింది. కిడ్నీ జబ్బుకి ఉబ్బిన కాళ్లు. తరవాత తెడ్డు వైపు చూసి, దాని మెరుపు చూసి, మొహం అసహ్యంగా పెట్టింది.

"రంగెట్టినారేటి దీనికి," అంది.

అక్కడి నించి మొదలైంది. రాగం లేదు. గొంతు గరగరమంది.

"రంగెట్టినా పలకవు గదరా మూగ సచ్చినోడా! ఎల్లొద్దే సూరమ్మా అని వొక్క మాటంటే నీ నోట్లోంచి ముత్తేలు రాలిపోయేవేట్రా? పిల్ల సచ్చిపోతే మాటాడనేదు, తమ్ముడు సచ్చిపోతే మాటాడనేదు. నీ పక్కన పడుకుంటే గోడ పక్కన పడుకున్నట్టే గదరా! ఊరందరి కోసం నాను ఏడిసినాను, నాకోసం నువ్వు వొక్కసారైనా ఏడిసినావేట్రా..."

ఆగలేదు. తలెత్తలేదు. చేతులు రెండూ నేలని కొడుతున్నాయి. నాకు తెలియని తప్పులు కూడా నావి చాలా ఉన్నాయి, అవన్నీ వచ్చాయి. వీధిలో జనం పోగయ్యారు. మంగ నిలబడి నోరు తెరుచుకుని వింటోంది. ఆ పిల్ల ఇది ఎప్పుడూ ఇంత దగ్గరగా వినలేదు.

ఎదురింటి గుమ్మంలో మహాలక్ష్మమ్మ లేచి నిలబడింది. మైలలో ఉన్న మనిషి, గడప దాటలేదు. అక్కడి నించే అంది.

"మా వోడివి గూడా అనే, సూరమ్మా."

సూరమ్మ అటు తిరిగింది. ఊపిరి పీల్చుకుంది.

"నీ కొడుకేటే తక్కువోడా! ఫోనుకి ఎట్టిన ముద్దు తల్లికి ఎట్టనేదు గదే వోడు! కెరటం సూడరా అంటే సెల్లు సూసినాడు గదే..."

మహాలక్ష్మమ్మ గుమ్మం పట్టుకుని కిందకి జారిపోయి ఏడ్చింది. కొడుకు పోయాక ఆమె ఏడవడం అదే మొదలు.

యువరాజు ఆ సాయంత్రం తాళాల గుత్తి, విజిలు ఇచ్చేసి వచ్చాడు. వాడు ఇచ్చాడో, వాళ్లు అడిగి తీసుకున్నారో చెప్పలేదు. వాడు నా కొడుకే మరి. మళ్లీ బోటు ఎక్కుతున్నాడు. మంగ ఒడ్డుకి వెళ్లి నిలబడుతుంది.

తెడ్డుని విరవలేదు. నేను బతికే ఉన్నాను కదా. మళ్లీ చూరు కింద కట్టేశాను. ఊళ్లో ఎవరూ ఏమీ అనలేదు. అక్కడ ఆ గోడకి ఇచ్ఛాపురం వైపు నించి ఇంకో తెడ్డు తెప్పించి తగిలించారట. కింద బోర్డు మాత్రం అదే.

ఎండ ఎక్కితే వార్నిష్ మెత్తబడి తెడ్డు జిగురుగా అవుతుంది. ఇసుకతో రుద్దాను, ఉప్పునీళ్లతో కడిగాను. అన్నం ముద్ద నోటి దగ్గరకి తెచ్చుకుంటే చేతులకి ఇంకా ఆ వాసనే.